గుట్ట ఎక్కుతున్న నది

నాలుగు శాతం. నాలుగు దగ్గర అంకె ఆగిపోయినట్టుంది, ఆగలేదు, ఈ కంప్యూటర్‌కి అప్పుడప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటుందని లక్ష్మణ్ అన్న ముందే చెప్పాడు, అయినా కల్పలత కుర్చీ అంచుకి జరిగి స్క్రీన్ మీదికి వంగింది, దగ్గరగా చూస్తే తొందరగా నడుస్తుందన్నట్టు. పదకొండూ పది. రెజిమెంటల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఇది, తలుపు పక్కన పెద్ద మిషన్ మీద ఎవరి ఇంటి బారసాల బ్యానరో సర్రుసర్రుమంటూ బయటికి వస్తోంది, పాపాయి నుదురు వచ్చింది, కళ్ళు ఇంకా రాలేదు. ఐదు శాతం. మొత్తం ఇరవై నిమిషాలు, అంటే పదకొండున్నరకి ప్రపంచం తయారు, పన్నెండు లోపు అది మిషన్ ఎక్కితే పావుగంటలో ఆరడుగుల ఫ్లెక్స్ మీద అచ్చవుతుంది, చుట్ట చుట్టుకుని ఆటో ఎక్కితే పన్నెండూ ముప్పావుకి కార్ఖానా ఏరియాలో జోగారావు గారి ఆఫీసు గోడకి తగిలించొచ్చు. జోగారావు గారిది చిన్న గేమ్ కంపెనీ, కొత్త ఆటకి ఎక్కడా లేని ఒక లోకం కావాలి ఆయనకి, ఖండాలు, సముద్రాలు, కొండలు, నదులు అన్నీ ఉన్న లోకం. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే సోమవారం నుంచి బ్యాంకు కోచింగ్. నాన్న సదాశివ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్, రెండు మాటలకి మించి మాట్లాడని మనిషి, మొన్న అన్నం ముందు కూర్చుని మూడు మాట్లాడాడు. "ఆదివారం దాంక నీ ముచ్చట. సోమారం కెల్లి నా ముచ్చట. మళ్ళ ఏడ్వొద్దు." ఇవాళ శనివారం.

"అమ్మా, పన్నెండు లోపల నీది మిషన్ ఎక్కకుంటే రాజేందర్ అన్న ఫ్లెక్స్ పెడ్త, యాదికుంది కదా?" లక్ష్మణ్ అన్న మిషన్ దగ్గర నుంచే అరిచాడు.

ఉంది. ఎలా మర్చిపోతుంది, ఆ రాజేందర్ పక్కనే ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని మోకాలు ఊపుతుంటే, ఆ ఊపుకి టేబుల్ ఊగుతుంటే, టేబుల్‌తో పాటు ఏడు శాతం కూడా ఊగుతుంటే. వాళ్ళ లీడర్ పుట్టినరోజట, ఒంటిగంటకి చౌరస్తాలో కేకు కోస్తారట. "అన్న ఫొటో జెర పెద్దగ పెట్టు లక్ష్మణ్, నాది సుత జెర పెద్దగనే పెట్టు, కానీ అన్న కంటే జెర చిన్నగ కనవడాలె" అంటున్నాడు, పొద్దున్నుంచి అదే మాట ఏడోసారి. మనిషి మొహం ఎంత ఉండాలో తేల్చుకోవడం ఎంత సులువు, పెద్దది, దాని కంటే చిన్నది, అంతే. ఆమెది పదమూడు లక్షల ముక్కలు. పదమూడు లక్షల పదివేల ఏడు వందల ఇరవై, సరిగ్గా చెప్పాలంటే, ఒక్కో ముక్కా ఒక్కో త్రిభుజం, ఒక్కో త్రిభుజానికీ మూడు కొసలు, ఒక్కో కొసకీ ఒక నంబరు, ఒక ఎత్తు, ఎత్తు సున్నాకి పైన ఉంటే నేల, కింద ఉంటే నీళ్ళు, ఇదంతా మొదలైంది ఒక సమోసా దగ్గర అంటే జోగారావు గారు నమ్ముతారా, చెప్పొచ్చా అలాంటివి ఇంటర్వ్యూలో.

స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో, చిన్న ఉల్లి సమోసాల ప్లేటు ముందు, ఉదయ్ భాస్కర్ సగం కొరికిన సమోసా ఎత్తి చూపించాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం అప్పుడు. చూడు కల్పా, కొరకక ముందు గీత తిన్నగా ఉంది, కొరికాక సముద్రపు ఒడ్డులా ఉంది, అన్నాడు. ఆమె బిల్లు కాగితం వెనక త్రిభుజం గీసింది, మూడు గీతల మధ్యలోనూ మూడు చుక్కలు పెట్టింది, చుక్కలు కలిపింది, ఒక త్రిభుజం నాలుగైంది, ఆ చుక్కల్ని ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి నెట్టింది, ఒక్కోదాన్నీ మళ్ళీ నాలుగు చేసింది, మళ్ళీ నెట్టింది, ఈసారి కొంచెం తక్కువ, ఆ తర్వాత ఇంకొంచెం తక్కువ, బిల్లు వెనక ఒక దీవి పుట్టింది. చాయ్ చల్లారిపోయింది. ఇద్దరికీ ఒళ్ళు జలదరించింది, నిజంగా, చేతి మీద వెంట్రుకలు లేచాయి, ఉదయ్ చెయ్యి చాపి చూపించాడు కూడా. తర్వాత రెండేళ్ళు అదే పని, చిలకలగూడలో వాళ్ళింటి వెనక గదిలో, వాళ్ళమ్మ ఝాన్సీలక్ష్మి గారు పెసరట్టు ప్లేట్లు కీబోర్డు మీదే పెట్టేసి "ముందు తినండమ్మా, ప్రపంచం ఎక్కడికీ పోదు, అట్టు చల్లారిపోద్ది" అనేవారు. ఎక్కడికీ పోదు. పందొమ్మిది శాతం.

ఒక్క త్రిభుజంతో దీవి వస్తుంది, గుండ్రటి ప్రపంచం రాదు. దానికి ఇరవై కావాలి, ఇరవై త్రిభుజాలు అంచులు కలుపుకుంటే ఒక బంతి, మూలలున్న బంతి, దాన్ని పగలగొడుతూ నెడుతూ పోతే నున్నబడి భూగోళం అవుతుంది. పైన పది నావి, కింద పది నీవి అని పంచుకున్నారు. ఆమెది ఉత్తరం, అతనిది దక్షిణం. మధ్యలో ఇద్దరివీ కలిసే చోట పది గీతలు, రంపం పళ్ళలా పైకీ కిందికీ. అవి చివర్లో చూసుకుందాం అనుకున్నారు. చివర్లో కలిసి చూసుకుందాం అనుకున్నారు, కలిసి అన్న మాట అప్పుడు ఎవరూ గట్టిగా అనలేదు, అనాల్సిన అవసరం ఉంటుందని తెలీదు.

ఇరవై ఆరు.

పొద్దున పదింపావుకి మొదటిసారి ఆ రెండు సగాలూ ఈ కంప్యూటర్ మీద కలిశాయి, ఆమె లాప్‌టాప్‌కి అంత బలం లేదు కాబట్టి ఇక్కడే మొదటిసారి, ఉదయ్ లేకుండా. అప్పుడు కనిపించింది చీలిక. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య నల్లటి గీత, రంపం పళ్ళలా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, కొన్ని చోట్ల వెంట్రుకంత, కొన్ని చోట్ల వేలంత, లోపల ఏమీ లేదు, నేల లేదు నీళ్ళు లేవు, ఉత్తి నలుపు, ప్రపంచం పెంకు పగిలి లోపలి ఖాళీ కనిపిస్తున్నట్టు. ఆమె సగం తప్పా? తప్పు లేదు, వందసార్లు చూసుకుంది. అతని సగం తప్పా? అదీ విడిగా చూస్తే అద్దంలా ఉంది, ఒప్పుకోవడానికి మనసు రావట్లేదు కానీ ఆమె దానికంటే బాగుంది, ఆ దక్షిణపు అఖాతాలు, ఆ దీవుల వరస, ఎలా వచ్చాయో అతనికి. రెండూ ఒప్పే, కలిపితే తప్పు. అరగంట తల బద్దలు కొట్టుకుని, చెమట్లు పట్టి, టైం చూసి, ఇంకేం తోచక, ఆమె ఆ నలుపులో నీలం పోసేసింది. నలుపున్న చోటల్లా నది అని రాసేసింది. ఒక పెద్ద నది, లోకం చుట్టూ తిరిగే నది, ఎంత బాగుంటుంది, కథలో వాడుకోవచ్చు, జోగారావు గారికి నచ్చుతుంది కూడా. అదే ఇప్పుడు తయారవుతోంది. ముప్పై మూడు శాతం. ఇది మోసమా? మోసం కాదు, సర్దుబాటు. సర్దుబాటు అనేది మోసానికి ముద్దు పేరా. ఛీ.

ఫోన్ బోర్లా పెట్టి ఉంది. తిప్పి చూస్తే అందులో ఉదయ్ పేరు కిందికి, బాగా కిందికి, పాలవాడి కంటే కిందికి వెళ్ళిపోయి ఉంటుంది. పందొమ్మిది రోజులుగా మాటల్లేవు. కాలేజీ పాత విద్యార్థుల మీటింగ్‌లో స్టేజి మీద మైకు పట్టుకుని, తెర మీద సగం సగం లోకాలు చూపిస్తూ, చెమటలు కక్కుతూ, "ఈ ప్రాజెక్టులో కల్పలత హెల్ప్ చేసింది" అన్నాడు. హెల్ప్. మూడో వరసలో కూర్చున్న ఆమెకి చెవుల్లో ఏదో కాలింది. చప్పట్లు కొట్టారు అందరూ, ఆమె కూడా కొట్టింది, అదే ఇప్పటికీ అరగట్లేదు, తన చేతులతో తనే చప్పట్లు కొట్టడం. సమోసా నువ్వు కొరికావు, త్రిభుజం ఎవరు గీశారు? ఆ రాత్రి ఇద్దరూ ఆన్‌లైన్‌లో పంచుకునే మ్యాపు మూలలో ఉన్న రెండు పేర్లలో ఒకటి తీసేసింది. ఉదయ్ భాస్కర్, పన్నెండు సార్లు వెనక్కి నొక్కితే పోయింది, ఊరికి ఊరు సముద్రంలో కలిసినంత నిశ్శబ్దంగా. మర్నాడు పొద్దున అతను చూసుకున్నాడు. ఏమీ అనలేదు. అతని దక్షిణం ఉన్న ఫోల్డర్‌లో ఆమె చెయ్యి పెట్టకుండా తాళం వేశాడు, చూడొచ్చు, వాడొచ్చు, మార్చడానికి లేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. ఇద్దరూ ఏమీ అనకుండా ఎంత అనుకున్నారో. నలభై ఎనిమిది. అడగొచ్చు కదా అప్పుడే, హెల్ప్ అని ఎందుకన్నావ్ అని, మూడు మాటలు, కానీ తప్పు చేసినవాడే ముందు మాట్లాడాలి, న్యాయం అదే కదా, అతనూ ఇదే న్యాయం పట్టుకుని కూర్చుని ఉంటాడు చిలకలగూడలో, ఫ్యాను కింద, గోళ్ళు కొరుక్కుంటూ, మూలలో పేరు తీసినవాళ్ళే ముందు మాట్లాడాలి అని.

కరెంటు మినుకుమంది. మిషన్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ సర్రుమంది, కల్పలత గుండె మాత్రం మళ్ళీ మొదలవడానికి కాస్త టైం తీసుకుంది. అరవై ఒకటి, పోలేదు, పోలేదు. కింద ఇత్తడి దుకాణంలో ఎవరో బిందెని వేలితో కొట్టి చూస్తున్నారు, టంగ్, టంగ్, పగులు ఉంటే మోత వేరేగా వస్తుందట, అమ్మ అలాగే కొంటుంది. జోగారావు గారు కూడా కొట్టి చూస్తారు. మొదటిసారి కలిసినప్పుడు టీ సాసర్‌లో పోసుకుని తాగుతూ తాపీగా అన్నారాయన, "మ్యాపు ఎవరు తెచ్చినా నేను ముందు చూసేది నదులేనమ్మా. కొండలు ఎవడైనా పెడతాడు. నీళ్ళు ఎటు పారాలో తెలిసినవాడికే లోకం కట్టడం తెలుస్తది." అప్పుడు ఆమె తల ఊపింది, ఎంత గట్టిగా ఊపింది, చెవి రింగు జారి పడేలా. డెబ్బై. ఆ మాట ఇప్పుడే ఎందుకు గుర్తు రావాలి. ఆయన నదులు చూస్తారు. ముందు నదులే చూస్తారు. ఎనభై రెండు. స్క్రీన్ మీద ఉత్తరం దిగుతోంది, పచ్చగా, గోధుమరంగుగా, తెల్లటి కొండకొసలతో, ఆమె రెండేళ్ళు దిగుతోంది. తొంభై నాలుగు. దక్షిణం ఎక్కి వచ్చింది. మధ్యలో నీలం.

లక్ష్మణ్ అన్న చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. రాజేందర్ కూడా మోకాలు ఆపి మెడ చాపాడు.

"మస్తుందమ్మా" అన్నాడు లక్ష్మణ్ అన్న. తర్వాత వేలు పెట్టాడు, రంగు అంటిన గోరు, సరిగ్గా అక్కడే. "గానీ ఇదేందీ? ఈ నది గుట్ట మీదికెల్లి పోతుంది."

"ఎక్కుతుందన్నా, దిగుతుంది, మళ్ళ ఎక్కుతుంది" అన్నాడు రాజేందర్, కళ్ళు చిట్లించి. "నదా, ఘాట్ రోడ్డా?"

పదకొండూ ముప్పై ఒకటి. నవ్వారు వాళ్ళు, చెడ్డ నవ్వు కాదు. ఫ్లెక్సులు కొట్టేవాళ్ళకే రెండు నిమిషాల్లో దొరికిపోయింది, నదులే చూసే మనిషికి ఎంతసేపు పడుతుంది, గోడకి మేకు కొట్టే లోపు. టంగ్. సోమవారం. కోచింగ్ సెంటర్‌లో ముందు వరస బెంచీ, వడ్డీ లెక్కలు, తన పక్కన తనలాంటి రెండు వందల మంది. పన్నెండు లోపు మిషన్ ఎక్కాలంటే ఇంకో పరుగుకి ఇరవై నిమిషాలు తీసేస్తే చేతిలో ఉన్నవి తొమ్మిది. తొమ్మిది నిమిషాల్లో కనుక్కోవాలి. రెండూ ఒప్పయితే కలిపితే ఎందుకు తప్పు. రెండూ ఒప్పయితే. ఉమ్మడి గీత ఒక్కటే, దాని మధ్య చుక్క ఒక్కటే, పైకి ఎంత నెట్టాలో చెప్పే కంప్యూటర్ పాచిక కూడా ఒక్కటే, ఈ కొస నంబరూ ఆ కొస నంబరూ కలిపి వేస్తే పాచిక ఎప్పుడు వేసినా అదే పడుతుంది, మూడు ఏడు అని వేస్తే ఎప్పుడూ అదే ఎత్తు, అందుకే కదా ఆ పద్ధతి పెట్టుకున్నాం, ఎవరి ఇంట్లో వాళ్ళం కూర్చుని వేసినా ఒకటే పడాలని. మరి ఎందుకు పడలేదు. కాజీపేట దిక్కు. ఏంటిది, ఇప్పుడు కాజీపేట ఎందుకు, కాజీపేట దిక్కు, సికింద్రాబాద్ దిక్కు.

నాన్న. చిన్నప్పుడు, వర్క్‌షాప్ గేటు దగ్గర, టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళితే నాన్న ఆ రోజు అన్నం తినలేదు, చేతిలో సుద్దముక్క పట్టుకుని నేల మీద పొడుగ్గా ఒక గీత గీసి చూపించాడు. వాళ్ళ షెడ్డులో కుడీ ఎడమా అనరు, అటు వైపు కాజీపేట దిక్కు, ఇటు వైపు సికింద్రాబాద్ దిక్కు, రైలు పెట్టె అడుగుభాగానికి రేకు వేస్తుంటే ఇద్దరు మనుషుల్ని పెట్టారు, ఒకడు పైనుంచి కొలిచాడు, ఒకడు కింద నుంచి. "ఇద్దరు మంచి ఫిట్టర్లే బిడ్డా. ఇద్దరి కొలత కరెక్టే. కానీ ఒకడు కాజీపేట దిక్కుకెల్లి టేపు పట్టిండు, ఇంకొకడు సికింద్రాబాద్ దిక్కుకెల్లి పట్టిండు. బోల్టు బొక్కలు కలువలే, బొటనేలంత తేడా. ఏడ నిలవడ్డా సరే, టేపు మాత్రం ఒక్క దిక్కుకెల్లే పట్టాలె." ఆ రోజు ఆ గీత మీద ఆమె కాళ్ళు పెట్టి నడిచింది, అటు నుంచి నాన్న నడిచాడు, మధ్యలో తలలు గుద్దుకున్నారు, నాన్న నవ్వాడు, నాన్న నవ్వడం.

ఎదురెదురు.

ఆమె బిల్లు బుక్కు లాక్కుని వెనక రెండు త్రిభుజాలు గీసింది, ఒకటి పైన ఒకటి కింద, మధ్యలో ఒకే గీత. ఆమె త్రిభుజం చుట్టూ వేలు తిప్పింది, గడియారం ముల్లు తిరిగినట్టు. అతని త్రిభుజం చుట్టూ తిప్పింది, అదీ గడియారం ముల్లు తిరిగినట్టే. ఇద్దరూ ఒకే దిక్కుకి తిరుగుతున్నారు, ఇద్దరూ ఒప్పే, కానీ ఆ ఉమ్మడి గీత మీదికి వచ్చేసరికి ఆమె వేలు ఇటు వెళ్ళింది, అతని వేలు అటు వెళ్ళింది. ఆమెకి అది మూడు ఏడు. అతనికి అది ఏడు మూడు. వేరే పాచిక. వేరే ఎత్తు. ఆమె కొండ ఉన్నచోట అతనికి పల్లం, మధ్యలో నలుపు. ఎవరి సగంలో వాళ్ళు తిరుగుతున్నంత సేపూ తెలీదు, ఒకే చేత్తో రాసిన సగం లోపల అంచుల లెక్క ఆమె ఒక్కసారే వేసి దాచుకుంది, అతనూ దాచుకున్నాడు, పది గీతలు మాత్రం ఇద్దరూ వేశారు. ఏ కొస నుంచి మొదలుపెట్టాలో ముందే అనుకుంటే చాలు. చిన్న నంబరు ముందు. ఎటు నుంచి వచ్చినా సరే చిన్న నంబరు ముందు, అంతే, ప్రోగ్రాంలో ఒక్క వరస మార్చాలి, ఆమెది ఒకటి, అతనిది ఒకటి. ఆమె వరస అర నిమిషంలో మార్చేసింది, నలుపులో పోసిన నీలమూ తీసేసింది. అతని వరసకి తాళం ఉంది.

పదకొండూ ముప్పై ఆరు. ఫోన్ తిప్పింది. పాలవాడు, గ్యాసు, పిన్ని, కాలేజీ గ్రూపు, ఇంకా కిందికి, ఉదయ్. వేలు పైన ఆగింది. చేస్తే ఏమంటాడు, ఇప్పుడు అవసరమొచ్చిందా అంటాడు, అననీ, నిజమే కదా. హెల్ప్ కావాలా అంటాడు. ఆ మాట అంటే మాత్రం, అంటే ఏం చేస్తుంది, కట్ చేస్తుందా, కట్ చేసి గుట్ట ఎక్కే నదిని చుట్ట చుట్టుకుని కార్ఖానా వెళుతుందా. ఎవరు ముందు అన్నది ఇప్పుడే కదా నువ్వు రాసింది, నీ చేత్తోనే, తప్పు ఎవరిదని అందులో ఎక్కడన్నా ఉందా, ఎవరో ఒకరు ముందు అని ఉంది, లేకపోతే నలుపు అని ఉంది. నొక్కేసింది. రింగు. ఇంకో రింగు. మూడు. నాలుగు. లక్ష్మణ్ అన్న గడియారం వైపు చూశాడు. ఐదో రింగు సగంలో ఆగింది, ఎత్తాడు.

అవతల ఫ్యాను చప్పుడు.

"ఉదయ్. నువ్వు త్రిభుజం చుట్టూ ఎటు తిరుగుతున్నవ్?"

అటు పక్క కుర్చీ కిర్రుమంది.

"గడియారం తిరిగినట్టే. నువ్వే కదా అలా పెడదామన్నావు."

"నేను సుత అంతే."

ఫ్యాను చప్పుడు. ఆమె కళ్ళు మూసుకుంది. అతను బిల్లు కాగితాలు వాడడు, గాల్లో వేళ్ళు తిప్పుతాడు, ఇప్పుడు తిప్పుతూ ఉంటాడు, రెండు చేతులతో, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి.

"ఓరి నాయనో" అన్నాడు ఉదయ్ మెల్లగా. "గీత మీద ఎదురెదురు వస్తున్నాం."

"చిన్న నంబర్ ముందు పెట్టు. నాది మార్చిన. నీదానికి తాళం ఉంది."

కీబోర్డు చప్పుడు మొదలైంది, టపటపా, మధ్యలో ఒకచోట ఆగింది. "తాళం తీసేశాను. నువ్వే మార్చుకో. లేదు, ఉండు, నేనే మారుస్తాను, లైను నాకు తెలుసు. ఎంత టైముంది?"

"మూడు నిమిషాలు."

"మూడా! ఎక్కడున్నావసలు? సరే, సరే. అయింది. నడుపు."

సున్నా శాతం. పదకొండూ ముప్పై ఎనిమిది. ఫోన్ కట్ చేయలేదు, అతనూ చేయలేదు, టేబుల్ మీద స్పీకర్ పెట్టింది, అందులోంచి చిలకలగూడ ఫ్యాను ఇక్కడ తిరుగుతోంది. ఇరవై నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు అంటే ఏమీ లేదు, ముప్పై అయిందా అంటే ముప్పై రెండు, వెనక ఝాన్సీలక్ష్మి గారి గొంతు "ఎవర్రా, కల్పేనా, తిన్నదా అడుగు", యాభై, అరవై, ఒకసారి అతను "ఆ రోజు స్టేజి మీద" అన్నాడు, ఆమె "తెలుసు" అంది, తెలీదు, ఇప్పుడు కాదు అని అర్థం, అతనికి అర్థమైంది. ఆ ఇరవై నిమిషాల్లోనే మూలలో ఖాళీగా ఉన్న చోట పన్నెండుసార్లు నొక్కి చెరిపిన పేరుని ఆమె మళ్ళీ కొట్టింది. పన్నెండు కొట్టడానికి రెండు నిమిషాల ముందు నూరు.

మిషన్ తల ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తుతోంది. ఉత్తరం దిగుతోంది తడితడిగా. రాజేందర్ కూడా లేచి నిలబడ్డాడు, అన్న మొహం కంటే కొంచెం చిన్న మొహం సంగతి మర్చిపోయి. ఆమెకి ఆ పది గీతలు ఎక్కడ వస్తాయో తెలుసు, కొలత తెలుసు, మూడో అడుగు లోపే, రంపం పళ్ళలా, ఇక్కడ పైకి, ఇక్కడ కిందికి. కొండల వరస వచ్చింది. వాటి నుంచి ఒక నది దిగింది, సన్నగా, వంకర్లు పోతూ, కిందికి, ఇంకా కిందికి, ఉత్తరం దాటి దక్షిణంలోకి, అతని అఖాతంలో కలిసింది.

"ఏంటి? చీలిక కనిపిస్తోందా?" ఫోన్ అడిగింది.

ఆమె తడి ఆరని ఫ్లెక్స్ మీదికి వంగి వెతికింది, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, మళ్ళీ కుడి నుంచి ఎడమకి.

"కల్పా? ఏదో ఒకటి చెప్పవే బాబూ."

"ఏడుందో దొర్కుతలేదు ఉదయ్" అంది.

అటు పక్క గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. లక్ష్మణ్ అన్న కత్తి తీసుకుని అడుగు అంచు దగ్గర నిలబడ్డాడు, చివరి జానెడు రావాలింకా, సముద్రం, సముద్రం, ఉత్తి నీలం, ఆ తర్వాత కింది మూలలో చిన్న అక్షరాలు ఒక్కో పొర ఒక్కో పొరగా తేలడం మొదలుపెట్టాయి, రెండు పేర్ల తలకట్లు ముందు, ఒకేసారి.

"ఆటో ఎక్కుతున్న" అంది ఆమె ఫోన్లో. "కార్ఖానా. పన్నెండూ ముప్పావుకి. నదులు చూసే మనిషి. నువ్వు సుత రా, జల్ది."